కెటిల్ మూడుసార్లు టక్కుమన్న రోజు

కొత్తగ ల్యాబుల్ల చేరిన పోరగాండ్లు నన్ను కలిసినప్పుడల్లా ఒక్కటే అడుగుతరు. "అంకుల్, మీరు అంత పెద్ద మేడమ్ దగ్గర పనిచేసిండ్రు గదా, మీరేం కనిపెట్టిండ్రు?" నేను కనిపెట్టింది ఒక్కటే బిడ్డా. ఏ సీసా మూత ఏ సీసాకు పట్టదో కనిపెట్టిన. సర్వీసంత అదే పని. రిటైరయినంక ఇంట్ల పచ్చడి సీసాల మూతలు గూడ నేనే సదురుతున్న, మా ఇంటామె వద్దని దండం పెట్టినా ఇనకుండ.

అయితే ఇయ్యాల మీకు చెప్పేది వేరే ముచ్చట. మా ల్యాబ్ పోవాల్సిన దినం ఎట్ల పోకుండ ఆగిందో చెప్త. ఇండ్ల గొర్రెలున్నయి, సోయా నూనె ఉన్నది, ఒక కరెంటు కెటిల్ ఉన్నది, ఉపాసమున్న ఒక పెద్దామె ఉన్నది. పేర్లు మాత్రం చెప్ప. అందరు బతికే ఉన్నరు, నా ఇల్లు గూడ వాళ్లకు ఎర్కే.

మా నాయిన సిరిసిల్ల దిక్కుకెళ్లి వచ్చి సూరత్ పక్కన జోల్వా అనే ఊర్ల బట్టలు నేసే సాంచాలు నడిపిండు. ఆ సాంచాల సప్పుడుకు మా నాయినకు చెవులు మందమైనయి. నేను బీఎస్సీ చదివి, సాంచాల సప్పుడు కంటె సీసాల సప్పుడు నయమనుకొని సూరత్‌ల ఒక కాలేజీల ల్యాబ్ అసిస్టెంటుగ చేరిన. డిండోలి నుంచి సైకిలు మీద పోతుంటి. అక్కడనే మా మేడమ్ దొరికింది.

మేడమ్‌ది గుంటూరు దిక్కు. పెండ్లి చేసుకొని సూరత్ వచ్చింది. ఆమె పెనిమిటి, అంటె మా సారు, బట్టల మిల్లుల ఇంజినీరు. నేను తెలుగోణ్ణని ఎర్కయిన దినం నుంచి ఆమె నాతోని తెలుగే. నేను 'గిట్ల' అంటె ఆమె "ఇలా అనవయ్యా" అంటుండె. ఆమె 'అలాగే' అంటె నేను 'అట్లనే' అంటుంటి. ఇద్దరిల ఒక్కలు గూడ మారకుండ సర్వీసంత ఎల్లదీసినం.

మేడమ్ చేసే పని లిక్విడ్ క్రిస్టల్స్. జర ఇనుండ్రి, ఎక్కువ చెప్ప. మామూలు వస్తువును వేడి చేస్తె కరిగి నీళ్లయితది. కొన్ని మాత్రం నడుమల ఆగుతయి. గట్టిగ ఉండయి, పూరా నీళ్లు గావు. పారుతయి గాని లోపల అణువులు రేషన్ దుకాణం కాడ లెక్క వరుసల నిలబడి ఉంటయి. మీ ఇంట్ల టీవీ తెర, లెక్కల మిషిన్ల నల్ల అంకెలు, అంత దాని పుణ్యమే. మేడమ్ మాత్రం సూరత్ పిల్లలకు ఇదంత చెప్పకపోతుండె. "లోచో తిన్నారా?" అని అడుగుతుండె. లోచో ఇక్కడి నాష్తా, శెనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికిస్తరు. ముక్కలు కోద్దామంటె నిలవదు, గంటెతోని పోద్దామంటె జారదు. "అదే లిక్విడ్ క్రిస్టల్" అని ఆమె అంటె క్లాసంత సమజయినట్టు తలకాయలూపుతుండె. గంట కొట్టంగనే క్లాసంత లోచో బండి కాడ ఉంటుండె.

ఆమె మొదలువెట్టిన కాలంల మా దిక్కు ఈ పని చేసేటోళ్లు లేరు. ఆమె చేసిన మొదటి పదార్థం ఒక వేడి కాడ కరిగి మబ్బు మబ్బుగ అయ్యి, ఇంకో వేడి కాడ మల్ల తేటగ అయ్యిందట. రెండుసార్లు కరుగుడేంది? పెద్ద ప్రొఫెసర్ చూసి "మురికి ఉన్నది, కడిగి మల్ల చెయ్యి" అన్నడు. కడిగి చేసింది. మల్ల గదే కథ. "ఇంకా కడుగు" అన్నడు. కడిగి కడిగి సీసాల సగం కూడ మిగలలేదు గాని, ఆ మిగిలింది గూడ రెండుసార్లే కరిగింది. అప్పుడు మేడమ్ "ఇది మురికి కాదండీ, దీని తత్వమే ఇంత" అని ఆయనకు మొఖం మీదనే చెప్పింది. ఆయన మాట్లాడుడు బందు చేసిండు. మేడమ్ పని మాత్రం బందు చెయ్యలే.

ఆ పదార్థాలను చూడాలంటె వెలుతురును ఒక్క తీరుగ వడగట్టే అద్దాలున్న మైక్రోస్కోపు కావాలె. కాలేజీకి అంత తాహతు ఏడిది? మేడమ్ ఇంటికి పోయి సారు ఎండకు పెట్టుకునే, అసొంటి అద్దాలే ఉన్న ఫారిన్ కండ్లద్దాలు తెచ్చి, అద్దాలు ఊడదీసి, పాత మైక్రోస్కోపుకు పైన ఒకటి కింద ఒకటి బిగిచ్చింది. సారు ఇల్లంత ఎతికి, దొరకక, ఎండల కండ్లు చికిలిచ్చుకుంట మిల్లుకు పోయిండట. ఆ మైక్రోస్కోపుల పడ్డ రంగుల బొమ్మలు దేశదేశాల పత్రికల్ల అచ్చయినయి. ఫారిన్ నుంచి ప్రొఫెసర్లు ఉత్తరాలు రాసిండ్రు. సారుకు మాత్రం మల్ల కండ్లద్దాలు రాలే. మేడమ్‌ను అడిగితె "మర్చిపోయానయ్యా" అంటుండె, నవ్వుకుంట.

గంత పేరున్న ల్యాబుకు ఏం ముప్పొచ్చింది అంటె, క్యాంటీను ముప్పొచ్చింది. మా ల్యాబుకు రెండు అర్రలు. పక్కనే క్యాంటీను. దాన్ని పెంచి ఫర్సాణ్ కౌంటరు, అంటె గాఠియా, కారప్పూస అసొంటి చిరుతిండ్ల దుకాణం, పెడ్తమని మేనేజ్‌మెంటోళ్లకు బుద్ధి పుట్టింది. కాలేజీ ఒక కుటుంబం ట్రస్టుది. కతర్‌గామ్‌ల వజ్రాలు సానబట్టే కార్ఖానా వాళ్లది. ట్రస్టు పనులు సేఠ్ చూస్తడు గాని మాట చెల్లేది వాళ్లమ్మది. ఆమెను ఊరంత 'బా' అంటరు, అమ్మ అన్నట్టు. జైనులు, నియమం మీద నడిచే ఇల్లు.

ఒకనాడు సేఠ్ కొలిచే టేపు పట్టుకొని మా ల్యాబుకు వచ్చిండు. గోడలు కొలుస్తుంటె మేడమ్ ఊకోకుండ ఒక నల్ల పట్టీ చేతికిచ్చింది. దాని మీద చెయ్యి పెడ్తె వేడికి ఎర్ర, పచ్చ, నీలం రంగులు తేలుతయి, అచ్చం చెయ్యి బొమ్మ పడ్తది. సేఠ్ చెయ్యి పెట్టిండు. చెంప పెట్టిండు. ఆఖరికి బూటు విప్పి కాలు గూడ పెట్టిండు. "మేడమ్, దీన్ని చీర అంచుకు వేస్తె సూరత్ మార్కెట్టే తిరగబడ్తది!" అన్నడు. టేపు మలిచి జేబుల పెట్టుకొని పోయిండు. మేము గండం గడిచిందని చాయ్ తాగినం.

గండం అప్పుడే షురువయింది. సేఠ్ ఇంటికి పోయి మురిపెంగ బాకు చెప్పిండు. బా ఒక్కటే అడిగింది, "అది దేనితోని చేస్తరు?" తెల్లారి సేఠ్ ఫోన్ చేసిండు. మేడమ్‌కు అబద్ధం ఆడుడు రాదు. "కొలెస్టరాల్‌తో చేస్తామండీ. గొర్రె బొచ్చులో ఉండే జిడ్డు నుంచి తీస్తారు" అన్నది. నేను ఊకుంటె అయిపోయేది. నడుమల చొరబడి "గొర్రెను చంపరు సేఠ్‌జీ, కటింగ్ చేస్తరు, అంతే" అన్న.

కొంచెంసేపటికి సేఠ్ మల్ల ఫోన్ చేసిండు. "బా అడుగుతున్నది, గొర్రెను అడిగి తీసిండ్రా?"

మా ఖాందాన్‌ల ఎవ్వలు గూడ గొర్రెను అడిగి బొచ్చు తియ్యలే.

బా మాట మరునాడు తెలిసింది. "మా ఇంటాయన పేరు మీద కట్టిన కాలేజీల జీవాల నుంచి తీసిన వస్తువుతోని పని వద్దు, ఆ అర్రలు క్యాంటీనుకు ఇయ్యుండ్రి" అన్నదట. ఇన్నేండ్ల పని, అల్మారల నిండ సీసాలు, ఆ కండ్లద్దాల మైక్రోస్కోపు. అన్ని తీసి ఆడ గాఠియా డబ్బాలు పెడ్తరా? మేడమ్ మాత్రం ఫోన్ తీసి "బా, చెట్టు నుంచి చేస్తే?" అని అడిగింది. బా "చెయ్యి. నేనే వచ్చి చూస్త. బాగుంటె అర్రలుంటయి, లేకుంటె లేదు" అన్నది. ఖరాఖండిగ చెప్పింది.

సోయా నూనెల గూడ కొలెస్టరాల్‌కు సుట్టమయ్యే ఒక పదార్థం ఉంటది. దాన్ని పట్టుకొని కూసున్నం. ఇండ్ల మా స్టోర్ భాయ్‌ని మీకు చెప్పాలె. స్టోర్ కీపర్, పక్కా సూరతీ, నోట్ల ఎప్పుడు తీపి, మాటల్ల ఎప్పుడు కారం. తను జైన్ కాదు గాని పక్కింటోళ్లు జైనులని చెప్పి, మాకు నియమాలు చెప్పే పని తనే నెత్తికెత్తుకున్నడు. పొద్దుగూకేటప్పుడు వచ్చి స్విచ్చు మీద చెయ్యి పెట్టి నిలబడుతుండె.

"మేడమ్, సూర్యాస్తమయం. జైనులు పొద్దుగూకినంక వండరు. ఇగ ఉడకబెట్టొద్దు."

"ఇది తినేది కాదయ్యా!"

"తినేది కాదు మేడమ్, చూసేది. చూసేది బా గదా."

మేడమ్ నా దిక్కు చూస్తుండె. నేను కిటికీల నుంచి సూర్యుని దిక్కు చూస్తుంటి. స్విచ్చు బందు. పైంగ ప్రతి సీసా మీద 'జైన్' అని చీటీ అతికిచ్చిండు, హోటల్ల పావ్‌భాజీకి రాసినట్టు. దాని కింద 'ఉల్లి, వెల్లుల్లి లేదు' అని గూడ రాసిండు. మేడమ్ నవ్వి నవ్వి కుర్చీల కూలబడ్డది. "ప్రపంచంలో మొట్టమొదటి జైన్ లిక్విడ్ క్రిస్టల్ నా చేతుల మీదుగా రావాలని రాసిపెట్టి ఉందయ్యా" అన్నది.

వచ్చింది గాని మొండిది వచ్చింది. పల్చని ప్లాస్టిక్ పొరల నడుమ పెట్టి చూస్తె ఆకుపచ్చ. చెయ్యి పెట్టినా ఆకుపచ్చ, చెంప పెట్టినా ఆకుపచ్చ. ఎవ్వలు లేనప్పుడు నేను కాలు గూడ పెట్టిన. ఆకుపచ్చనే. గొర్రెది ఎంత చురుకో ఇది అంత బద్ధకం. చేతి వేడి దీనికి లెక్కనే లేదు. బాకు ఏం చూపెడ్తం? ఆకుపచ్చ రంగు చూసుడుకు బా మా దాక వచ్చుడెందుకు, ఇంట్ల కొత్తిమీర ఉండదా?

నేను బేజారయి ఉన్న దినం, చాయ్ గిన్నె మీదికి వంగితె అంగి జేబుల నుంచి ఒక పట్టీ మరిగే చాయ్‌ల పడ్డది. గంటెతోని తీసిన. పట్టీ పాల లెక్క తెల్లగయింది. చల్లారినా తెల్లగనే ఉన్నది. మేడమ్ తీసుకొని బొటనవేలుతోని రుద్దింది. మల్ల ఆకుపచ్చ.

"ఇదీ వీటితో చిరాకు," అన్నది మేడమ్. "బాగా కాగితే లోపల వరుస చెదిరిపోతుంది. చల్లారాక అడ్డదిడ్డంగా నిలబడతాయి, అందుకే తెలుపు. వేలితో రుద్దితే గాని మళ్లీ వరుసలోకి రావు. ఇన్నేళ్ల నుంచీ వేగుతున్నాను దీంతో."

స్టోర్ భాయ్ చాయ్ పారబోస్కుంట నవ్విండు. "బాకు చూపెట్టకుండ్రి మేడమ్. ఊర్ల ఉన్న గిన్నెలన్నిట్ల వేస్తది. ఆమె మరిగించిన నీళ్లే తాగుతది గదా. ఎవరింటికి పోయినా మరిగినయా లేదా అని అనుమానం. అందుకే సీసా ఎంట పెట్టుకొని తిరుగుతది."

మేడమ్ రుద్దుడు ఆపింది. "ఏమన్నావు? మళ్లీ చెప్పు" అన్నది.

అగో, అట్ల పుట్టింది ఆ పట్టీ. చిరాకు పెట్టిన గుణమే పనికొచ్చింది. నీళ్లు నిజంగ మరిగితేనే తెల్లబడాలె, జర తక్కువయినా ఆకుపచ్చగనే ఉండాలె. దాన్ని కుదిర్చేటందుకు మేడమ్ ఏది ఎంత కలిపిందో, నేను ఎన్ని గిన్నెలు తోమిన్నో దేవునికెర్క. పట్టీకి దారం కట్టి టీ బ్యాగు లెక్క చేసినం. నీళ్లల్ల దింపుడు, మరిగినంక తీసుడు, చూసుడు. అంతే.

బా ఉపాసమున్న దినమే వస్తనన్నది. "మామూలు దినం పోతె నాష్తా పెట్టి మాయ చేస్తరు" అన్నదట. జైనుల ఉపాసమంటె దినమంత తిండి ముట్టరు, మరిగించి చల్లార్చిన నీళ్లే, అవి గూడ పొద్దు గూకేదాకనే తాగుతరు. స్టోర్ భాయ్ అప్పటికే జైన్ లోచో తెప్పిచ్చి పెట్టిండు. ఇగ అది సేఠ్ పాలయింది.

బా చూస్తె గింత మనిషి. తెల్ల చీర, వీపు నిటారుగ, చేతిల స్టీలు సీసా. కుర్చీల కూసుంటె కాళ్లు భూమికి అందలే. అందకపోయినా ఆ అర్రల ఆమెనే అందరికంటె పెద్దగ కనబడ్డది. తోవల ట్రాఫిక్‌ల ఇరుక్కొని సీసాల నీళ్లు అయిపోయినయట. "మరిగించిన నీళ్లున్నయా?" అని అడిగింది.

స్టోర్ భాయ్ ఛాతి పొంగింది. తన కెటిల్ తెచ్చిండు. సూరత్ బోరు నీళ్లకు లోపలంత సున్నం పట్టిన పాత కరెంటు కెటిల్. "బా, ఫికర్ చెయ్యొద్దు. మీ నియమం నాకెర్కే. నీళ్లకు మూడు పొంగులు రావాలె" అని బటన్ నొక్కిండు. కెటిల్ గురగురమన్నది, ఆవిరి వచ్చింది, టక్కుమని బందయింది. "ఒకటి" అన్నడు. మల్ల నొక్కిండు, టక్. "రెండు." మల్ల నొక్కిండు, టక్. "మూడు!" వెడల్పు తాంబాళంల పోసి, చల్లార్చి, గ్లాసుల ఇచ్చిండు.

"మరిగినయా?" అన్నది బా.

"మూడుసార్లు బా!"

బా తాగింది.

మేము గ్యాస్ పొయ్యి, గిన్నె సదిరి పెట్టుకున్నం. సేఠ్ లోచో నములుకుంట "పొయ్యెందుకు మేడమ్, ఆ కెటిల్ల దింపుండ్రి, బా తాగిన నీళ్లే చూద్దాం" అన్నడు. కెటిల్ నింపినం. నేనే పట్టీని దింపి మూత పెట్టిన. టక్. దారం పట్టి గుంజిన. ఆకుపచ్చ.

"ఇంకోసారి" అన్నడు స్టోర్ భాయ్. టక్. ఆకుపచ్చ. మూడోసారి టక్. చిలుక రెక్క లెక్క ఆకుపచ్చ.

సేఠ్ చేతులు తుడుచుకొని "ఆవిరి కండ్లముందట కనబడుతున్నది. మీ పట్టీనే పనిచేస్తలేదు" అన్నడు. జేబుల నుంచి టేపు తీసిండు. స్టోర్ భాయ్ కెటిల్‌ను సంకల పెట్టుకొని "నా కెటిల్ మంచి కంపెనీది" అంటున్నడు, ఎవ్వలు అడగకున్నా.

లెక్క సీదా ఉన్నది. పట్టీ తప్పయితె ల్యాబ్ పోతది. పట్టీ కరెక్టయితె బా తాగిన నీళ్లు మరగలే, ఉపాసం చెడ్డది, చెడగొట్టింది మేము. గప్పుడు గూడ ల్యాబ్ పోతది. అయితే నా జేబుల ఒక పట్టీ ఉండె. పొద్దున గిన్నెల పరీక్ష చేసింది, తెల్లగ, దారంతోని సహా. ఆ అర్రల మేడమ్‌కు తప్ప తెలుగు ఎవ్వనికి రాదు గనుక గట్టిగనే అన్న.

"మేడమ్, నా జేబుల తెల్లది ఉన్నది. కెటిల్ల ఇంకోసారి దింపినట్టు చేసి ఇది తీస్త. ఒక్క తెల్ల పట్టీతోని ల్యాబ్ ఉంటది, బా ఉపాసం ఉంటది, కెటిల్ ఇజ్జత్ ఉంటది. అందరు సల్లగుంటరు."

"మరి నీళ్లో?" అన్నది మేడమ్.

"నీళ్లనెవ్వలు అడుగుతరు మేడమ్?"

"నేను అడుగుతున్నానుగా. జేబులోనే ఉండనీ దాన్ని. పొయ్యి వెలిగించు."

నాకెర్కే, ఆ అర్రలంటె ఆమెకు పానం. అయినా కెటిల్ల నీళ్లే గిన్నెల పోసి పొయ్యి మీద పెట్టింది. అందరం సుట్టు నిలబడి నీళ్లు చూస్తున్నం. మొదలు సప్పుడు లేదు. కింద చిన్న చిన్న బుడగలు. ఇంకా మరగలే, ఇంకా మరగలే. అప్పుడు సమజయింది నాకు, ఇందాక కెటిల్ల టక్కుమన్నది బటనే గాని నీళ్లు మరగలేదని. ఇగ గిన్నె నిండ నీళ్లు కుతకుత ఎగిరినయి. మేడమ్ అదే పట్టీని దింపి తీసింది. పాల లెక్క తెలుపు.

స్టోర్ భాయ్ సంకల నుంచి కెటిల్ జారి కింద పడ్డది.

మేడమ్ బా ముందటికి పోయి నిలబడ్డది. "బా, పట్టీ సరిగానే ఉంది. కెటిల్ పాతది, సున్నం పట్టిన అడుగు ముందే వేడెక్కి, నీళ్లు మరగకముందే ఆగిపోతోంది. మీరు తాగిన నీళ్లు మరగలేదు. మా గదిలో జరిగింది, తప్పు మాది" అన్నది హిందీల.

సేఠ్ లేసి "ఉపవాసం చెడగొట్టిండ్రు! ఇయ్యాలనే ఖాళీ చెయ్యిండ్రి!" అని ఒర్రుడు వెట్టిండు. నోట్ల లోచో ఉన్నది గనుక సగం మాటలు సమజ్ కాలే. స్టోర్ భాయ్ చెవులు పట్టుకొని బా కాళ్ల కాడ కూసున్నడు. నేను కండ్లు మూసుకొని నిలబడ్డ, అల్మారల సీసాలు సంచుల నింపుడు కండ్లముందట కనబడుతుండె.

బా చెయ్యెత్తింది. సప్పుడు బందయింది. కుర్చీ మీదికెళ్లి దిగి, పట్టీ తీసుకొని, బొటనవేలుతోని రుద్దింది. ఆకుపచ్చ. గిన్నెల దింపింది. తెలుపు. మల్ల రుద్దింది, మల్ల దింపింది. పొయ్యి మీది నీళ్లు ఎగురుతనే ఉన్నయి. ఆమె మొఖంల ఏమున్నదో నాకు అందలే.

"నా ప్రాయశ్చిత్తం సంగతి మా గురు మహారాజ్‌ను అడుగుత, అది నా పని," అన్నది. ఆనక మేడమ్ దిక్కు చూసింది. "నేను పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఎవరింటికి పోయినా అడుగుత, నీళ్లు మరిగినయా అని. ఇన్నేండ్లల ఒక్కలన్నా 'లేదు' అనలే. అందరి నీళ్లు మరిగినయే. ఎవరివి మరగలేదో దేవునికెర్క. ఇయ్యాల నువ్వు చెప్పినవ్, నీ అర్ర పోతదని ఎర్కుండి."

మేడమ్ మొఖం అటు తిప్పుకొని పొయ్యి బందు చేసింది.

బా కొడుకు దిక్కు తిరిగింది. "టేపు లోపల పెట్టు."

సేఠ్ టేపు లోపల పెట్టిండు. క్యాంటీను పెరగలే. అర్రలు ఇయ్యాలటికి అట్లనే ఉన్నయి, మైక్రోస్కోపు గూడ. నేను రిటైరయి వచ్చేటప్పుడు దానికి దండం పెట్టి వచ్చిన.

నన్ను అడిగితె, బిడ్డా, ఆ దినం నా జేబుల పట్టీ తీస్తె గూడ మస్తు సంబరంగనే ఉంటుండె. అందరికి చప్పట్లు, దండలు. మరునాటి నుంచి మాత్రం మేడమ్ తన చేతిల ఏ పట్టీ పట్టుకున్నా ఏం చూస్తున్నదో ఆమెకే నమ్మకం ఉండకపోతుండె. మురికి కాదు, దీని తత్వమే ఇంత అని పెద్ద ప్రొఫెసర్ మొఖం మీద చెప్పిన మనిషి. నేనేమో మూతల మనిషిని, నాకు ఆ ఆలోచన తర్వాత వచ్చింది.

బా పోయేటప్పుడు పట్టీలు ఒక కట్ట అడిగి తీసుకున్నది. ఎవరింటికి అని మేడమ్ అడిగితె "మొదలు మా ఇంటికే" అన్నది. సేఠ్‌కు పొలమారింది. నేనే నీళ్లిచ్చిన. మరిగినయా లేదా అని అతను అడగలే.

పొద్దుగూకకముందే సేఠ్ ఫోన్ చేసిండు. మేడమ్ చేతులకు తొడుగులున్నయని నేను ఫోన్ స్పీకర్ల పెట్టిన. గొంతు తగ్గిచ్చి మాట్లాడుతుండు, వంటింట్ల నుంచే కావొచ్చు, గిన్నెల సప్పుడు ఇనబడుతుండె.

"మేడమ్, ఒక చిన్న డౌటు. బా రేపు పొద్దున మా ఇంట్ల పట్టీ దింపుతదట. మా ఇంట్ల పెద్ద ఫిల్టరున్నది, బా నీళ్లు గూడ అందుల నుంచే... మీకు సమజయింది గదా. ఆ పట్టీని తెల్లగ చేసే ఉపాయం ఏమన్నా ఉన్నదా?"

మేడమ్ నా దిక్కు చూసింది. నవ్వాపుకునే తిప్పలు ఆమెవి, నావి.

"ఉంది సేఠ్‌జీ. రాసుకోండి. ముందు గిన్నెలో నీళ్లు పోయండి."

"పోసిన మేడమ్."

"పొయ్యి వెలిగించండి."

"వెలిగిచ్చిన. తర్వాత?"

"అక్కడే నిలబడండి."